బ్రేకు మీద కాలు

మా అక్క విమల ఫోన్ చేస్తే బాగున్నావా, తిన్నావా అనే మాటలుండవు. నేను హలో అనకముందే పని చెప్పేస్తుంది. మొన్న ఎండాకాలం చివర్లో ఒక పొద్దున అట్లాగే చేసింది. "సుశీలా, బాపు జీపుకు బ్రేకు పైపులన్ని తుప్పు వట్టినయే. పెడలు తొక్కితే ఆయిలంత నేలమీదికే వస్తున్నది. కొత్త పైపులు నేనే చేస్త. కామారెడ్డిల పైపు చుట్ట, బ్రేకు ఆయిలు తీస్కొని రా. తొక్కెతందుకు గూడ ఒక మనిషి గావాలె," అంది. మీ ఇంట్లో మనుషులు లేరా అని అడిగాను. "ఉన్నరు. తొక్కమంటె తొక్కుతరు, ఆపమంటె ఫోను జూస్తరు. నువ్వు రా," అని పెట్టేసింది.

ఫోన్ చేత్తో పట్టుకుని వంటింట్లో అట్లాగే నిలబడిపోయాను. మనవరాలికి జడలు వేసే వయసు నాది. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. అయినా ఆ పిలుపు వినగానే నా కడుపులో లేచింది సంతోషం కాదు, మంట. జీపు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చునే ఆ చోటు కోసం చిన్నతనమంతా మా అక్క మీద కుళ్లి చచ్చాను. ఇప్పుడు బాపు లేడు, ఆ చోటుకు పోటీ పడేవాళ్లు లేరు. మిగిలిపోయిన కూర పొరుగింటికి పంపినట్టు, ఆమె దాన్ని నాకు పంపుతోంది. అది కూడా పైపు చుట్ట నేనే మోసుకొస్తే.

బాపు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి జీపు నడిపేవాడు. ఎవరెవరి చేతులో మారి మా వాకిట్లోకి వచ్చిన పాత జీపు అది. వెనక పలకల మీద ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవాళ్లు, రేకు పట్టుకుని వేలాడేవాళ్లు, కాళ్లు కట్టిన కోళ్లు, బియ్యం మూటలు, ఆస్పత్రికి పోయే బాలింతలు, తాడ్వాయి దగ్గర చెయ్యెత్తే ముసలివాళ్లు, అందరికీ అందులో చోటు దొరికేది. పొద్దున్నే బాపు ఆ బండిని కడిగే తీరు చూడాలి. తడిబట్టతో అద్దం తుడిచి, బోనెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి తిప్పి, చివరగా సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి చూసేవాడు. పెడల్ గట్టిగా తగిలితే తల ఆడించి దిగి, అప్పుడు చాయ్ తాగేవాడు. మా అమ్మ గడప మీద కూర్చుని, "నా మొకం ఎన్నడన్న గంత మంచిగ జూసినవా? సవితిని దెచ్చి వాకిట్ల నిలవెట్టిండు," అనేది. బాపు మీసంలో నవ్వుకునేవాడే కాని, సవతి కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇంజన్ చెడితే బాపు కామారెడ్డి మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయేవాడు. బ్రేకు సంగతి వస్తే మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. "ఇంజను ఆగితే మంది దిగి నడుస్తరు. బండి ఆగకపోతే దిగెతందుకు మందే ఉండరు. గా పని మన చేత్తోనే జేస్కోవాలె," అనేవాడు. తొలకరి పడకముందే ఏటా ఆ పని ఉండేది. పోచారం వైపు కిరాయిలు దొరికితే ఆ ఎత్తుపల్లాల్లో తిరిగి వచ్చాక కూడా ఉండేది. తుప్పు పట్టిన పైపు తీసేసి కొత్త పైపు వంచి బిగించేవాడు. ఆ తర్వాత పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపాలి. లోపల ఏ మాత్రం గాలి ఉన్నా పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. ఆ గాలి తీసే పని ఒక్కడివల్ల కాదు. ఒకరు కింద పడుకుని చక్రం దగ్గరి చిన్న నట్టు విప్పాలి, ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి. కింది మనిషి చెప్పినప్పుడు తొక్కి పట్టాలి. నట్టు మళ్లీ బిగించేదాకా కాలు లేపకూడదు. ముందుగా లేపితే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది, చేసిందంతా నీళ్లపాలవుతుంది.

ఆ పైన కూర్చునే మనిషి మా అక్క. ఎప్పుడూ మా అక్కే.

ఎందుకని అడిగితే కారణం ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నాకు బీడీలు చేయడం వచ్చు, ఆమెకు రాదు. తునికాకును కొలత రేకు కింద పెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం నా వేళ్లకు పుట్టుకతోనే వచ్చినట్టు ఉండేది. వాడకట్టు ఆడవాళ్లు చాటలు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని చూసేవాళ్లు. మా అక్క చుట్టిన బీడీ ఒకటి కడుపుతో ఉన్నట్టు, ఒకటి కరువులో పుట్టినట్టు ఉండేది. "నీయి బీడీలు గావు బిడ్డ, బెండకాయలు," అని అమ్మ ఆమెను చాట ముందునుంచి లేపేది. లేపితే ఆమె ఎక్కడికి పోతుంది? వాకిట్లోకి, బాపు దగ్గరికి. నేను లేవబోతే అమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టేది. "గా ఆయిలు చేతికంటితె మూడు దినాలైన వాసన వోదు. బీడీలకు వాసనొస్తే కంపిని చెకరు కట్టకు కట్ట ఇరగ్గొట్టి పారేస్తడు. నువ్వు పోకు." పని వచ్చినదానికి చాట, పని రానిదానికి జీపు. ఇదెక్కడి న్యాయమో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కారణం తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారదు.

మా ఇంట్లో అర్రకు వాకిలి వైపు ఒక కిటికీ ఉండేది. ఆ కిటికీ కింద నా చాట. తడిగుడ్డలో చుట్టిన ఆకు పచ్చివాసన, తంబాకు ఘాటు, దానికి తుమ్ములు. బయటినుంచి బ్రేకు ఆయిలు వాసన సన్నగా వచ్చేది. దాని వెంట బాపు గొంతు. "తొక్కు. మల్ల తొక్కు. పట్టు. పట్టు. ఇగ ఇడువు." ఇంట్లో మాతో బాపు మాట్లాడే మాటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొద్దంతా మందిని పిలిచీ, కిరాయి దగ్గర లొల్లి పెట్టుకునీ ఇంటికి వచ్చేసరికి ఆయన నోట్లో మాటలు అయిపోయేవి. ఆ బండి కింద పడుకున్నప్పుడు మాత్రం ఆ గొంతులో ఏదో మెత్తదనం వచ్చేది. చంటిదానికి బువ్వ తినిపించేటప్పుడు అమ్మలు అంటారే ఇంకొక ముద్ద, ఇంకొక ముద్ద అని, అట్లా ఉండేది. ఆ గొంతు ఒక్కసారి నా పేరు పెట్టి పిలవాలని, ఆ మాటకు నా కాలు కదలాలని, అంతకన్నా పెద్ద కోరిక నాకు ఆ వయసులో లేదు. గాజులు అడగలేదు. కొత్త లంగా అడగలేదు.

అక్కను చూస్తే ఇంకా మండేది. పని అయ్యాక ఆమె చేతులు కడుక్కునేది కాదు. ఆ వాసనతోనే జొన్నరొట్టె తినేది, ఆ వాసనతోనే వచ్చి నా పక్కన పడుకునేది. లంగా మీద నల్ల మరక పడితే అమ్మ తిట్టేది. ఆమె ఆ మరకను పైకి కనిపించేటట్టు మడత వేసుకుని బడికి పోయేది. పోనీ ఆ పనైనా సరిగ్గా చేసేదా అంటే అదీ లేదు. మధ్యలో కాలు లేపేసేది. కింద బుస్సుమని గాలి లాగిన చప్పుడు నాకు కిటికీలోంచి వినిపించేది. "కాలు జారింది బాపు," అనేది. "సరె తీయ్, మల్ల మొదటినుంచి," అనేవాడు బాపు, కోపం లేకుండా. నేను బీడీ మూతి మడవడంలో ఒక్క తప్పు చేస్తే అమ్మ వేళ్ల మీద కొట్టేది. అక్కకు ప్రతిసారీ కాలు జారేది, బాపు ఆమెనే మళ్లీ మళ్లీ పిలిచేవాడు. నేనైతే చచ్చినా కాలు లేపేదాన్ని కాదు. కాలు తిమ్మిరెక్కి పడిపోయినా సరే పట్టుకునే ఉండేదాన్ని. ఈ మాట ఎవరికి చెప్పుకోను?

ఒకసారి నా రోజు వచ్చిందనుకున్నాను. అక్కను మా మేనమామ పెద్దకొడప్‌గల్ తీసుకుపోయాడు, పొలాల్లో శనగలు పీకే రోజులు. మర్నాడే బాపు జీపు కింద చాప పరిచాడు. నేను చాట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాను. బాపు నన్ను చూశాడు. నా చేతులు చూశాడు. లోపల అమ్మను చూశాడు. ఆ తర్వాత పెరట్లోకి పోయి ఒక కట్టె తెచ్చాడు. దాన్ని పెడల్‌కూ సీటుకూ మధ్య బిగించి, కింద దూరి, నట్టు విప్పి బిగించి, బయటికి వచ్చి, కట్టె తీసి, పెడల్ తొక్కి, మళ్లీ కట్టె పెట్టి, మళ్లీ దూరి, ఆ ఎండలో పొద్దు గూకేదాకా ఒక్కడే చేసుకున్నాడు. నన్ను లోపలికి పొమ్మని కూడా అనలేదు. నేను గడప దగ్గరే నిలబడి ఆ కట్టెను చూశాను. అది తుమ్మకట్టె. అంతవరకు అక్క మీద ఉన్న కుళ్లు ఆ రోజు ఒక కట్టె మీదికి కూడా పాకింది.

ఆ తర్వాత మా బతుకులు ఎటువాళ్లవి అటు పోయాయి. అక్కను ఎల్లారెడ్డిలోనే ఇచ్చారు, నన్ను కామారెడ్డికి ఇచ్చారు. ఆమెకు బాపు జీపు నడపడం కూడా నేర్పాడని నాకు పండక్కి పోయినప్పుడు తెలిసింది. ఆమె నన్ను ఎక్కించుకుని పోచారం కట్టదాకా తీసుకుపోయింది. దారి పొడుగునా అందరూ ఆగి చూస్తుంటే నేను పక్క సీట్లో చుట్టంలాగా కూర్చున్నాను. అమ్మ పోయినప్పుడు ఆకు కత్తిరించే కత్తెర నాకు వచ్చింది. బాపు పోయినప్పుడు జీపు అక్కకు పోయింది. ఎవరూ పంచలేదు, ఎవరూ అడగలేదు. ఎవరి వస్తువు వాళ్లకు పోయినట్టే పోయింది. నువ్వు జీపు తీసుకుని ఏం చేసుకుంటావ్ అని ఎవరైనా అడగొచ్చు. మా సందులో స్కూటర్ తిప్పడానికే చోటు లేదు. అయినా ఆ రోజు ఇంటికి వచ్చి, తలనొప్పి అని చెప్పి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. బాపు కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. సగం నిజమే.

అట్లాంటి నేను మొన్న కామారెడ్డిలో సామాన్ల దుకాణానికి పోయి పైపు చుట్ట అడిగాను. దుకాణం ఆయన, "ఏ బండికమ్మా?" అన్నాడు. పేరు చెప్పాను. "గా పాత జీపులకు తయారుగున్న పైపులు ఎప్పుడో బందైనయి గద," అన్నాడు. "అందుకే చుట్ట అడుగుతున్న. మేమే చేస్కుంటం," అన్నాను. 'మేమే' అన్నప్పుడు నాకు నేనే కొంచెం ఎత్తు పెరిగినట్టు అనిపించింది. బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి, ఒళ్లో ఉన్న చుట్ట చూసి గ్యాస్ పొయ్యిదా అని అడిగాడు. కాదు, జీపు బ్రేకుది అన్నాను, వెనక సీట్లవాళ్లకు కూడా వినిపించేటట్టు. లింగంపేట దాటేదాకా ఆ చుట్టను కింద పెట్టలేదు.

అక్క చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పైన బావ పాత అంగీ వేసుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. జీపు కట్టెమొద్దుల మీద నిలబడి ఉంది. తీసిన పాత పైపులను గోనెపట్టా మీద, బండి కింద ఏది ఎట్లా ఉండేదో అట్లాగే పరిచింది. చుట్ట విప్పి, పాతదాని పక్కన కొత్తది పెట్టి, అదే వంపు తిప్పుతూ పోయింది. కోసిన చోట ఆకురాయితో నున్నగా రుద్దింది. బాపు వాడిన ఇనుప పట్టుడు ఇంకా ఆమె దగ్గరే ఉంది. అందులో పైపు కొన బిగించి, పైనుంచి మర తిప్పితే పైపు మూతి గొడుగులాగా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న మూతే నట్టు లోపల కూర్చుని ఆయిలును కారకుండా ఆపుతుంది. ఆమె చేతులు ఆ పని చేస్తుంటే చూడలేక నేను జామచెట్టు వైపు చూశాను. అంత బాగా చేస్తోంది. వయసు మీద పడ్డాక నా వేళ్లు బిగుసుకుపోయాయి, బీడీ దారం ముడి కూడా పడదు. ఆమెకు మాత్రం పని ఇంకా ఉంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె చివరి పైపును పట్టుడులో బిగించింది. మర మీద చెయ్యి వేసింది. నేను చూశాను. కాసేపు చూస్తూనే ఉన్నాను, ఆ కాసేపూ నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ తర్వాత, "ముందుగాల నట్టు, ఎనకసిరి మూతి," అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. పైపుకు నట్టు ఎక్కించలేదు. మూతి విచ్చుకున్నాక నట్టు దూరదు, పైపు మళ్లీ కోసుకోవాల్సిందే. తల ఎత్తి నన్ను చూసింది. "గా మాట బాపు నాకొక్కదానికే చెప్పిండు. నీకెట్ల దెలుసు?"

"కిటికి తెరిచే ఉంటుండె కదనే," అన్నాను. "నువ్వు మర్సిపోయినయి గూడ నాకు యాదికున్నయి."

ఆమె పైపు ఊడదీసి, నట్టు ఎక్కించి, మళ్లీ బిగించింది. పైపులన్నీ పెట్టడం అయ్యేసరికి ఎండ గోడ దిగింది. అప్పుడు చెయ్యి చూపించి, ఎక్కు అంది.

ఎక్కాను. ముందు కుడికాలు, తర్వాత నడుము, మధ్యలో రెండు మూలుగులు. స్టీరింగ్ మీద బాపు అరచెయ్యి ఒరుసుకున్న చోట నున్నగా ఉంది. పెడల్ మీద కాలు పెట్టి చూస్తే ఎదురుగా ఏముందనుకున్నారు? అద్దం, అద్దం అవతల గోడ. కింద పడుకున్న మనిషి కనిపించదు, చేతులు కనిపించవు, ఆయిలు పడే డబ్బా కనిపించదు. ఇన్నేళ్లూ నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్న ఆ సింహాసనం మీద కూర్చుంటే తెలిసేది ఒక్క గొంతే. అది నాకు కిటికీ కింద కూడా వినిపించింది. అయినా సరే, ఇక్కడ వినడం వేరు. ఇక్కడ ఆ మాటకు నీ కాలు కదులుతుంది.

దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టింది. "తొక్కు. మల్ల తొక్కు. పట్టు." ఆ పట్టు అనడంలో చివర కొంచెం సాగదీత, ఆ తర్వాత ఊపిరి బిగబట్టడం, అచ్చం బాపే. జీపుతో పాటు ఆ గొంతు కూడా ఆమెకే ఇచ్చిపోయాడు. పట్టి ఉంచాను. పెడల్ నా కాలి కింద మెల్లగా దిగిపోయింది, డబ్బాలో ఆయిలు చిమ్మిన చప్పుడు. "ఇడువు," అనేదాకా కదల్లేదు. ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. మూడు చక్రాలు అట్లా అయ్యాయి.

మధ్యలో చాయ్ తాగడానికి ఆగాం. అక్క గోనెపట్టా మీద, నేను సీట్లోనే. దిగితే మళ్లీ ఎక్కలేనని చెప్పాను. దిగబుద్ధి కాలేదన్నది నిజం. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఇప్పుడు కామారెడ్డికి జీపు ఎక్కేవాళ్లు లేరు, బీడీలు చేసే పిల్లలూ తక్కువే. మా మనవరాలికి తునికాకు వాసన తెలియదు, దాని చేతుల మీద కోతలు లేవు. అది నాకు సంతోషమే. మరి ఆ చేతులు చూసినప్పుడు కూడా లోపల కొంచెం చురుక్కుమంటుంది. నా ఓర్వలేనితనానికి వయసు, వావి ఏమీ లేవు.

"నువ్వు మంచిగ పట్టి ఉంచుతున్నవ్," అంది అక్క, చాయ్ ఊదుకుంటూ. "నేనైతే నడుమల లేపుతుంటి."

"యాదికున్నది. నీకు ఎప్పుడు కాలు జారుతుండె."

"కాలు జారుడేంది?" అంది. "కావాలనే లేపుతుంటి. పని అయిపోతె బాపు లేసి పోతడు గద. గాలి లాగిందనుకో, మల్ల మొదటినుంచి. గింతసేపు బాపు నాతోనే ఉంటుండె."

నేను చక్కగా, తప్పు లేకుండా, వంకర లేకుండా బీడీలు చేసి చేసి అమ్మ పక్కన పెరిగాను. ఈమె పని చెడగొట్టి చెడగొట్టి బాపు పక్కన పెరిగింది. ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదు? నాలుగు బీడీలు వంకరగా చుట్టి ఉంటే సరిపోయేది. పనిమంతురాలు అనిపించుకోవాలనే యావలో అసలుది పోగొట్టుకున్నాను. అక్క మీద నాకు అంత మంట చిన్నప్పుడు కూడా పుట్టలేదు.

ఆమె గ్లాసు కడిగి బోర్లించి, చివరి చక్రం దగ్గరికి వచ్చింది. అది నా కాళ్లకు ముందే ఉన్న చక్రం. ఈసారి మడ్‌గార్డ్ మీదుగా ఆమె పాపిట కనిపించింది, మొత్తం తెల్లబడింది. "తొక్కు," అంది. తొక్కాను. "మల్ల తొక్కు." తొక్కాను. "పట్టు." పట్టాను. నట్టు విప్పిన చప్పుడు, పెడల్ దిగడం. ఇంక కొంచెం పట్టి ఉంచితే చాలు, ఆమె నట్టు బిగిస్తుంది, ఇడువు అంటుంది, పని అయిపోతుంది. సాయంత్రం బస్సు ఉంది.

నేను కాలు లేపాను.

కింద బుస్సుమంది. తెల్లటి పాపిట కదల్లేదు.

"కాలు జారింది," అన్నాను.

"బాపు గూడ నమ్మకపోతుండె," అంది అక్క. "మల్ల తొక్కు."